నలభై ఎనిమిది సెకన్లు

"ఇంకోసారి చూడమ్మా," అన్నారు అచ్యుతరామయ్య గారు. అప్పటికి అది ఐదోసారి.

ఎస్తేరు మళ్లీ వెతికింది. సర్వర్‌లో ఒకటో సీను నుంచి ఆరో సీను దాకా ఉన్నాయి. ఎనిమిదో సీనూ ఉంది. ఏడోది లేదు. అది పాట సీను. నలభై ఎనిమిది సెకన్లు, సెకనుకు పన్నెండు బొమ్మలు, మొత్తం ఐదువందల డెబ్బై ఆరు. ఆరు వారాలు ఒక్కతే కూర్చుని గీసింది. మంగళవారం భోజనానికి లేచినప్పుడు ఉన్నాయి. బుధవారం పొద్దున పదింటికి లేవు.

"బ్యాకప్?"

వెనక నిలబడ్డ పరుశురాం జవాబిచ్చాడు. యానిమేషన్ ల్యాబ్‌కు ఇన్‌చార్జి అతనే. రోజూ మధ్యాహ్నం రెండింటికి సర్వర్ ఎట్లుంటే బ్యాకప్ అచ్చం అట్లనే తయారైతదని, ఇక్కడ పోయింది అక్కడ కూడా పోతదని చెప్పాడు. పైగా రాత్రంతా మిగతా సీన్ల బొమ్మలను వీడియోగా మార్చే రెండరింగ్ నడిచింది. పోయిన బొమ్మల చోట కొత్తవి రాసుకుపోయాయి. తవ్వినా దొరకవు.

అచ్యుతరామయ్య గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయన ఈ సెంటర్‌కు డైరెక్టర్. అమెరికా యూనివర్సిటీ ఒకటి పిల్లల కోసం సినిమా చేద్దామంటే ఒప్పుకుని వచ్చింది ఆయనే. శుక్రవారం పదకొండింటికి కమిటీ వచ్చి చూస్తుంది. రెండు రోజులుంది.

సినిమా ఐదు నిమిషాలది. పాసం అని అమెరికా జంతువు. ఎలుకకు ఎక్కువ, పిల్లికి తక్కువ. అది ఒక ఇంటి వంటగదిలో దూరి జామ్ సీసాలు ఖాళీ చేస్తుంది. ఎవరన్నా వస్తే నాలుక బయటపెట్టి చచ్చినట్టు పడిపోతుంది. దొంగతనం ఇంటి కుక్క మీద పడుతుంది. కుక్కను వానలో కట్టేస్తారు. ఏడో సీనులో కుక్క ఏడుపు విని పాసం ఒక కన్ను తెరుస్తుంది. లేచి అందరి ముందూ తన దొంగతనమంతా ఆడి పాడి చూపిస్తుంది. ఎనిమిదిలో పాసం చెట్టెక్కి కన్ను కొడుతుంది. అంతే కథ.

పరుశురాం ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. సర్వర్ లాగ్. మంగళవారం ఒంటిగంటా పంతొమ్మిది నిమిషాలకు ఒక ఫోల్డర్ చెరిగింది. నాలుగో మిషన్ నుంచి. లాగిన్ అందరూ వాడే లాగినే. వరండా కెమెరాలో ఒంటిగంటా ఎనిమిదికి ల్యాబ్‌లోకి వెళ్లిన మనిషి ఒంటిగంటా ముప్పై ఆరుకు బయటికొచ్చాడు. ఆ మధ్యలో ఇంకెవరూ వెళ్లలేదు.

ఆ మనిషి వరండాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గట్టయ్య. ఏజెన్సీ తరఫున పనిచేసే అటెండర్. చేతిలో తుడిచే గుడ్డ ఇంకా అలాగే ఉంది.

లోపలికి పిలిస్తే వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. రోజూ తుడిచినట్టే తుడిచానని, మీట ఒక్కటి నొక్కలేదని చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది.

"గా నాలుగోదాని తెర మీద బాణం దానంతట అదే నడిచింది సార్. నేను సూస్తనే ఉన్న."

"పాసం వచ్చి నడిపించి ఉంటది," అన్నాడు పరుశురాం.

అవతలి టేబుళ్ల దగ్గరి విద్యార్థులు నవ్వారు. ఎస్తేరుకూ నవ్వొచ్చింది. గట్టయ్య అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసి, చివరికి ఎస్తేరు ముఖం చూసి, గుడ్డను ఇంకో చేతికి మార్చుకున్నాడు.

అచ్యుతరామయ్య గారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. శుక్రవారం కమిటీకి ఏదో ఒకటి చెప్పాలి కదా అని, పొరపాటున తన చేతిలోనే పోయిందని గట్టయ్యను ఒక కాగితం రాసివ్వమన్నారు. కావాలని చేశావని ఎవరూ అనడం లేదు, ఇంకో బిల్డింగ్‌కు మారుస్తారు, అంతకంటే ఏమీ ఉండదని మెత్తగా నచ్చజెప్పారు.

మధ్యాహ్నం గట్టయ్య టీ తెచ్చి ఎస్తేరు బల్ల చివర పెట్టాడు. ఎప్పుడూ పెట్టే చోటే, బొమ్మలు గీసే పలకకు మూరెడు దూరంలో.

వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది ఈ సినిమాతోనే. పాసం అంటే ఏందని మొదటి రోజు అడిగాడు. చెబితే చాలాసేపు ఆలోచించి, "మా దిక్కు పాశం అంటే బెల్లం ఏసి వండుకునేది బిడ్డా. గిదేంది, దొంగది?" అన్నాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున తలుపు దగ్గరే అడిగేవాడు, పాశం ఏం తిన్నదియ్యాల అని. కుక్క నడక కుదరకపోతే ఎస్తేరు ఆయన్నే వరండాలో పదిసార్లు నడిపించి ఫోన్‌లో వీడియో తీసుకుంది. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి, తల ముందు, కాళ్లు వెనక వచ్చే నడక. సినిమాలో కుక్క అచ్చం అలాగే నడుస్తుంది. మొదటిసారి తెర మీద చూసినప్పుడు గట్టయ్య సిగ్గుపడి, రాములమ్మను తీసుకొచ్చి చూపిస్తా అన్నాడు. రాములమ్మ ఆయన భార్య. కుక్కలాగా ఉన్నావంటే ఆమె నవ్వుతుందా తిడుతుందా అని వారమంతా అందరినీ అడిగాడు.

ఇప్పుడు ఏమీ అడగలేదు.

"ఇంకో బిల్డింగే కదా బాబాయ్," అంది ఎస్తేరు. ఆ మాటతో తనకే ధైర్యం చెప్పుకోవాలనిపించింది.

గట్టయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. నిరుడు లైబ్రరీ అటెండర్ బాలస్వామి గిట్లనే ఒక కాగితం రాసిండని చెప్పాడు. పుస్తకాలు తడిసినయి, పైపు పగిలి. తాను నల్లా కట్టేయలేదని రాసిచ్చాడు. బిల్డింగ్ మారుస్తామన్నారు. కాగితం ఏజెన్సీకి పోయింది. నెల తిరిగేసరికి ఏజెన్సీ వాళ్లు పని లేదన్నారు.

"ఇప్పుడు సీతాఫల్‌మండి స్టేషన్ కాడ బండి మీద కూరగాయలు అమ్ముతడు. నాకు బండి తోసే కాళ్లు గూడ లేవు బిడ్డా."

"మరి రాయనని చెప్పండి."

"రాయకుంటే ఏజెన్సీకి సారే రాస్తడట. నేను రాస్తే పొరపాటు, సారు రాస్తే దొంగతనం." ఖాళీ గ్లాసు తీసుకున్నాడు. "బాణం మాత్రం నడిచింది."

గురువారం ఎస్తేరు ల్యాబ్‌కు అందరికంటే ముందు వచ్చింది. నలభై ఎనిమిది సెకన్లలో నాలుగు సెకన్లైనా మళ్లీ గీయగలదా అని చూడాలనుకుంది. తన మిషన్ ఆ పూట రెండరింగ్‌లో ఉంది. నాలుగోదాని ముందు కూర్చుంది.

గట్టయ్య నడక వీడియో పెట్టుకుని, ఒక్కో ఫ్రేము ఆపుతూ భుజం గీసింది. వీడియో చివర్లో ఆయన నడక ఆపి బల్ల దగ్గర నిలబడతాడు. గుడ్డతో బల్ల తుడుస్తాడు. కీబోర్డు దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోతుంది. దాన్ని రెండు అంచులు పట్టి, వేడి గిన్నె దించినట్టు పక్కకు పెట్టి, కింద తుడిచి, మళ్లీ అలాగే పెడతాడు. మీటల మీద గుడ్డ వేయడు. ఎస్తేరు ఆ ముక్క మూడుసార్లు చూసింది.

పదకొండు కావస్తోంది. పెన్ను పక్కన పెట్టి మెడ వెనక్కి వంచింది. తల దించేసరికి తెర మీద బాణం కదులుతోంది.

ముందు తన మోచెయ్యి తగిలిందనుకుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. బాణం ఆగలేదు. మెల్లగా కిందికి దిగింది, సర్వర్ తెరిచింది, లాగ్ తెరిచింది. మంగళవారం దగ్గరికి వెళ్లింది. ఒంటిగంటా పదిహేడు దగ్గర ఒక వరుస ఉంది. బయటి నుంచి ఫోన్ ద్వారా నాలుగో మిషన్‌లోకి వచ్చినట్టు. ఆ వరుస బుధవారం బల్ల మీద పెట్టిన కాగితంలో లేదు. బాణం దాని మీద నిలబడింది. వరుస నీలంగా మారింది.

ఎస్తేరు ఫోన్ తీసి తెరను ఫొటో తీసింది. రెండోది తీసింది. అప్పుడు పెన్ను అందుకుని పలక మీద కొంచెం కదిపింది.

బాణం ఉలిక్కిపడ్డట్టు ఆగింది. మూడు సెకన్లు. తరవాత కిటికీలన్నీ వాటంతట అవే మూసుకున్నాయి. ఆ వరుస మాత్రం చెరగలేదు.

బయటి నుంచి ల్యాబ్ మిషన్లలోకి వచ్చే పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే ఉంది. ఆ మనిషి మంగళ, గురు, శనివారాలు వాళ్లమ్మను డయాలిసిస్‌కు తీసుకెళ్లి మధ్యాహ్నం రెండు దాకా ల్యాబ్‌లో ఉండడు.

ఎస్తేరు తార్నాక చౌరస్తా దాకా నడిచే వెళ్లింది. మెట్రో స్టేషన్ దాటాక సందులో చిన్న ఆసుపత్రి. డయాలిసిస్ రెండో అంతస్తులో. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల వరసలో చివరిదాంట్లో పరుశురాం కూర్చుని ఉన్నాడు. అద్దం తలుపు అవతల మంచం మీద వాళ్లమ్మ పోచమ్మ. చేతికి రెండు గొట్టాలు. ఆమె నిద్రపోతోందో లేదో తెలియదు.

ఎస్తేరును చూసి అతను ఆశ్చర్యపోలేదు. పక్క కుర్చీ మీది సంచీ కింద పెట్టాడు.

"ఫొటో తీసినవా?"

"తీశాను."

"మంచిగ వచ్చిందా?"

అతను కాసేపు అద్దంలోకి చూసి, తన ఫోన్ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. మంగళవారం పన్నెండు యాభైకి వచ్చిన మెసేజ్. పైన ఆమె పేరే ఉంది.

Server full ayindi sir. Paata folder teeyandi.

కింద అతని జవాబు. Sare.

"చదువు," అన్నాడు పరుశురాం.

ఎస్తేరు చదివింది. పాట ఫోల్డర్ తీయండి. మంగళవారం పాట పూర్తయింది. సర్వర్ నిండిపోయి వీడియో చేసి పంపడానికి చోటు లేకపోతే, అక్కడే తెరిచి చూడమని రాసింది. అతను సరే అన్నాడు. చూశాడనుకుంది. రెండు రోజుల నుంచి ఆ మెసేజ్ తన ఫోన్‌లోనే ఉంది.

"ఏడో సీనుకు నువ్వు పాట అని పేరు పెట్టుకున్నవని నాకేం ఎరుక? నా దగ్గర అన్నీ సీను నంబర్లే. సర్వర్ నిండిందన్నవు. పాత ఫోల్డర్ తియ్యమన్నవు. ఆడ చూస్తే ఆ పేరుతోనే ఒకటి ఉన్నది. గీ కుర్చీల కూసొని తీసేసిన."

"తీయండి అంటే తెరవమని. తలుపు తీయండి అనమా?"

"అంటం. చెత్త తియ్యండని గూడ అంటం."

లోపల మిషన్ కూత పెట్టింది. నర్సు వచ్చి ఏదో నొక్కి వెళ్లింది. పరుశురాం సగం లేచి మళ్లీ కూర్చున్నాడు.

తనకు బుధవారం పొద్దున్నే అర్థమైందని ఒప్పుకున్నాడు. చెబుదామనే వచ్చాడు. అప్పటికే డైరెక్టర్ గారు గట్టయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి ఉన్నారు. తొమ్మిదేళ్ల నుంచి టెంపరరీగా ఉన్నవాడికి వచ్చే నెల రెగ్యులర్ పోస్టు ఇంటర్వ్యూ ఉంది. ఆ పోస్టుంటే అమ్మకు ఈ మంచం ఉంటుంది. ఇవన్నీ ఎవరికో జరిగినట్టు, నెమ్మదిగా చెప్పాడు.

"గట్టయ్యన్న ముసలోడు. వాళ్లు బిల్డింగ్ మారుస్తరు, అంతే."

"బాలస్వామిని మార్చినట్టా?"

అతను ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

"నా పేరు చెప్పు ఎస్తేరూ. వద్దనను. చెప్తే నా పేరు కింద ఈ మెసేజ్ ఉంటది. మార్చిల నీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేది డైరెక్టర్ సారే గద. ఊకుంటే ఇద్దరం ఉంటం."

ఆమె లేచింది. మెట్ల దగ్గర వెనక్కి చూస్తే పరుశురాం అద్దం దగ్గర నిలబడి, వాళ్లమ్మకు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె ఊపలేదు.

ఇంట్లో నాన్న యాకోబు అప్పుడే చర్చి ఆఫీసు నుంచి వచ్చి చొక్కా తగిలిస్తున్నాడు. ముప్పై ఏళ్ల నుంచి ఆయన పని అక్కడ ఉత్తరాలు రాయడం, వచ్చినవి చదివి పాస్టరు గారికి చెప్పడం. ఎస్తేరు కంచం ముందు కూర్చుని అన్నం కెలికింది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

ఆమె ఎడమ చేత్తో ఫోన్ తెరిచి ఆయనకిచ్చింది. "ఇది చదువు నాన్నా. పైకి చదువు."

యాకోబు ఫోన్ దూరంగా పట్టుకున్నాడు. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం ఆయనకు మొదట్నుంచీ నచ్చదు.

"సర్వర్ ఫుల్ అయింది సర్. పాత ఫోల్డర్ తీయండి."

"పాత అనే చదివావా?"

"మరింకెలా చదవాలి? నిండిపోయిందని ముందే రాశావుగా. నిండితే పాతవే తీస్తారు." ఫోన్ ఇచ్చేశాడు. "ఏం, కాదా?"

"పాట."

ఆయన మళ్లీ ఫోన్ తీసుకుని చూశాడు. పెదవులు కదిలాయి, రెండు రకాలుగానూ. "ఇలా రాస్తే ఎవరు చదివినా తప్పే చదువుతారే," అన్నాడు. తరవాత కూతురి ముఖం చూసి, "దీనివల్ల ఎవరికన్నా ఏదన్నా అయిందా?" అని అడిగాడు.

ఎస్తేరు అన్నం ముద్ద కలిపింది, తినకుండా మళ్లీ విడదీసింది. ఇంకా ఏం కాలేదు, రేపవుతుంది అంది. ఆమె లేచేదాకా యాకోబూ తినకుండా కూర్చున్నాడు.

శుక్రవారం పదకొండింటికి సెమినార్ హాలులో కర్టెన్లు వేశారు. ముందు వరసలో కమిటీ వాళ్లు నలుగురు. అచ్యుతరామయ్య గారు పక్కన నిలబడ్డారు. రెండో వరసలో ఎస్తేరు, రెండు కుర్చీలు వదిలి పరుశురాం. గట్టయ్య వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జేబులో మడిచిన కాగితం అంచు కనబడుతోంది.

సినిమా మొదలైంది. పాసం జామ్ సీసాలో తల ఇరికించుకుంటే కమిటీ వాళ్లు నవ్వారు. వంటావిడ రాగానే నాలుక బయటపెట్టి ధడేలున పడితే ఇంకా నవ్వారు. కుక్క వచ్చింది. ఎడమ భుజం వాల్చి, తల ముందు, కాళ్లు వెనక. ఎస్తేరు వెనక్కి తిరగలేదు. కుక్క మెడకు తాడు పడింది. వాన మొదలైంది. ఆరో సీను అయిపోయింది. నల్ల తెర ఒక్క క్షణం. వెంటనే చెట్టు మీద పాసం కన్ను కొట్టింది.

చప్పట్లు కొట్టారు.

లైట్లు వేశారు. మధ్యలో ఒక పాట ఉండాల్సిందని, సాంకేతిక కారణాల వల్ల పోయిందని అచ్యుతరామయ్య గారు చెప్పారు. కమిటీలో పెద్దావిడ ఇది ఇలాగే బాగుందన్నారు. పాట ఉంటే సాగదీసినట్టుండేదేమో అన్నారు ఆమె పక్కాయన. పిల్లలు నవ్వుకుంటే చాలు. అచ్యుతరామయ్య గారి ముఖం తేలికపడింది. ఇలాగే పంపేద్దామన్నారు.

"మరి అది ఎలా పోయింది?" అని అడిగింది పెద్దావిడ, లేవబోతూ.

"మా అటెండర్ పొరపాటండి. రాసిచ్చాడు కూడా. గట్టయ్యా, ఇలా రా. చదివి వినిపించు, వాళ్లకు రికార్డులో ఉండాలి."

గట్టయ్య ముందుకొచ్చాడు. కాగితం మడత విప్పి రెండు చేతులతో పట్టుకున్నాడు. రాసింది తన చేతే అయినా మాటలు తనవి కావు. ఒక్కో మాట దగ్గర ఆగాడు.

"గట్టయ్య అను నేను... మంగళవారము నాడు... శుభ్రపరచు సమయమున... నా అజాగ్రత్త వలన..."

అక్కడ ఆగిపోయాడు. అజాగ్రత్త అనే మాట దగ్గర. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

ఎస్తేరు పరుశురాం వైపు చూసింది. అతను కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఎక్కడా కదలడం లేదు.

ఆమె లేచి నిలబడింది. "అది చదవకండి బాబాయ్."

అచ్యుతరామయ్య గారు తల తిప్పారు. "కూర్చోమ్మా."

"ఆ పూట నాలుగో మిషన్‌లోకి బయటి నుంచి ఒకరు వచ్చారు సార్. ఫోన్‌లోంచి. బాణం నడిచిందని ఈయన చెబితే మనం నవ్వాం. నిన్న నా కళ్ల ముందే మళ్లీ నడిచింది." ఫొటో తెరిచి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "వచ్చినవాళ్లను రమ్మంది నా మెసేజ్. పక్కనే ఉంది, చదవండి."

ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు. పైకే చదివారు. "పాత ఫోల్డర్ తీయండి."

"పాట సార్. తెరిచి చూడమని రాశాను."

ఆయన ఇంకోసారి చదివారు, ఈసారి లోపల్లోపలే. కమిటీలో పెద్దావిడ మళ్లీ కుర్చీలో కూర్చుంది. గట్టయ్య కాగితం మడవాలో పట్టుకోవాలో తెలియక, ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు.

"అయితే చేసిందెవరు?" అన్నారు అచ్యుతరామయ్య గారు.

రెండు కుర్చీల అవతల పరుశురాం ఒక కన్ను తెరిచాడు.

ఎస్తేరు అతని వైపే చూస్తూ చెప్పింది. "రాసింది నేను సార్. తీసేసింది పరుశురాం."